బావ కాలు తేలిన ఉదయం

మా బావ ఇక లేడన్న మాట నాకు అతని కొట్లో గుమాస్తా నోట వచ్చింది. విశాఖలో ఆఫీసుకు బయలుదేరుతూ గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ చేశాడు. "బాబూ, మీరు బేగి రావాల. సావుకారు గుడ్డ తాను ఇప్పుతా ఇప్పుతా అలాగే పక్కకి ఒరిగిపోనారు," అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారా అని అడిగాను. తీసుకెళ్లామన్నాడు. ఆ తర్వాత, "బేరం కూడా అవనేదు బాబూ," అన్నాడు. గుడ్డ చూపించమని అడిగిన ఆవిడ ఇంకా కొట్టు మెట్ల మీదే కూర్చుని ఏడుస్తోందట.

నౌపడలో రైలు దిగి ఆటో ఎక్కాను. ఉప్పు మడులు పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. ఎండ మండిపోతోంది. ఆ ఎండలో నాకు చల్లటి నీళ్లే గుర్తొస్తున్నాయి. మేమిద్దరం ఎన్నడూ చూడని ఒక కొండ చెరువు నీళ్లు. అందులో ఒక్కసారి ఈదాలని బావ అనుకున్నాడు. దానికి కావలసినవన్నీ అమర్చుకున్నాడు. ఈదలేదు. ఊళ్లో అందరూ అతన్ని మంచి వ్యాపారస్తుడిగానే గుర్తు పెట్టుకుంటారు. ఈ ఈత సంగతి నాలుగు మాటల్లో ఎక్కడైనా ఉండాలని ఇది రాస్తున్నాను.

బావ మా పెద్దక్క భర్త. టెక్కలి బజారులో తాతల నాటి బట్టల కొట్టు వాళ్లది. పొందూరు ఖద్దరు మొదలుకొని పెళ్లి పట్టుచీరల దాకా అన్నీ ఉండేవి. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలికి ఇనప పట్టీల బూటు, చేతిలో కర్ర. కొట్లో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునేటప్పుడు బూటు విప్పి, ఎడమకాలిని కుడికాలి కిందకి మడిచి, పైన పంచె సర్దుకునేవాడు. కళ్లముందే జరిగినా ఎవరి కంటా పడకుండా అయిపోయేదా పని. చాలా ఏళ్లు నేను అది అతను కూర్చునే తీరు అనే అనుకున్నాను.

రెడీమేడ్ చొక్కా కొనుక్కునేవాళ్లకి అతనెప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "అద్దంలో సూసుకోడం ఆపి, ఓపాలి ఒంగి సూడు. కూకోని సూడు. సెయ్యెత్తి సూడు. నిలబడ్డప్పుడు ఏదైనా బాగానే ఉంటాది." అలా చూసి వద్దని వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. గుమాస్తా గొణుక్కునేవాడు. బావ పట్టించుకునేవాడు కాదు.

ఈత అతనికి చిన్నప్పుడే వచ్చింది. వెచ్చటి ఇసకలో పాతిపెడితే పోలియో కాలికి బలం వస్తుందని ఎవరో చెప్తే, వాళ్ల నాన్న వారం వారం భావనపాడు సముద్రపొడ్డుకి తీసుకెళ్లి నడుం దాకా ఇసక కప్పి కూర్చోబెట్టేవాడట. అక్కడ వలలు ఆరేసుకునే ఒక జాలరి ఇదంతా చూసి చూసి, ఒకనాడు వాళ్ల నాన్న దగ్గరికొచ్చి, "ఇసకలో పాతితే మొక్క మొలుస్తాది గాని కాలు మొలుస్తాదేటి బావూ? నీటిలోకి తెండి బాబుని," అన్నాడట. ఆ జాలరే అతనికి ఈత నేర్పాడు. ఆయన్ని బావ జీవితాంతం "మావా" అనే పిలిచాడు. నేను బావతో భావనపాడు వెళ్లేసరికి ఆ మావ ముసలివాడైపోయాడు, అయినా తెప్ప మీద వెళ్తూనే ఉండేవాడు.

కర్ర మీద ఆనుకుని నడిచి నడిచి బావకి భుజాలు, ఛాతీ బాగా బలిశాయి. నీళ్లలో చేతులతోనే లాక్కుపోయేవాడు. కొట్టు సెలవురోజు పొద్దున్నే పక్క చక్రాలున్న స్కూటరు మీద భావనపాడు వెళ్లడం, తెప్పల అవతలి దాకా ఈది రావడం. పైజామాతోనే దిగి, కుడికాలు కాస్త ఆడించేవాడు. ఎడమకాలు మాత్రం కిందకి వేలాడేది. "ఎనకాల తాడు కట్టి రాయి లాగుతున్నట్టుంటాదిరా," అనేవాడు నవ్వుతూ. అప్పట్లో ఆ మాటలో బాధేమీ ఉండేది కాదు. ఎండ గురించో వాన గురించో చెప్పినట్టు చెప్పేవాడు.

నేను విశాఖలో ఉద్యోగంలో చేరాక ట్రయథ్లాన్ పిచ్చి పట్టుకుంది. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆ వెంటనే పరుగు. ముగ్గురు మనుషులు పంచుకుని చేసే పోటీలు కూడా ఉంటాయని ఒకసారి భోజనాల దగ్గర చెప్పాను.

"అంటే మూడు ముక్కలు సేసుకోవచ్చా?" అన్నాడు బావ.

"ఒక్కొక్కళ్లు ఒక్కో ముక్క."

"అయితే మొదటి ముక్క నాకివ్వు."

అక్క వడ్డిస్తున్న గరిట ఆపి నవ్వింది. బావ నవ్వలేదు. అలా మేం ముగ్గురం జట్టయ్యాం. ఈత బావది, సైకిలు నాది, పరుగు మా ఆఫీసులో ఒక స్నేహితుడిది. ఎంచుకున్న పోటీ నీలగిరుల్లో, డిసెంబరులో, ఒక కొండ చెరువులో. నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే వెట్‌సూట్ లేనివాళ్లని దిగనివ్వరు. వెట్‌సూట్ అంటే ఒంటికి అంటుకుపోయే రబ్బరు తొడుగు. అది నీళ్లని పూర్తిగా ఆపదు. పల్చటి పొరలా కొన్ని నీళ్లు లోపలికి చేరతాయి, ఒంటి వేడికి అవే వెచ్చబడి చలిని ఆపుతాయి. అందుకే అది ఒంటిని వదలకుండా పట్టి ఉండాలి. రబ్బరులో గాలి బుడగలుంటాయి కాబట్టి మనిషిని తేలుస్తుంది కూడా. ఇదంతా నేను చెబుతుంటే బావ ఒక్కచోట ఆపాడు.

"తేలుస్తాదా? కాళ్లని కూడానా?"

"కాళ్లనే ఎక్కువ తేలుస్తుంది బావా."

ఆ సాయంత్రం, "ఎక్కడ దొరుకుతాదిరా అది?" అన్నాడు.

డబ్బు తగలెయ్యడం ఎందుకని ముందు ఒకటి అరువు తెచ్చాను. విశాఖలో సముద్రం లోపలికి దిగి చేపల్ని చూసొచ్చే సరదా ఉన్న స్నేహితుడిది. మందంగా, బరువుగా ఉంది. బావ దాన్ని వేసుకుని వసారాలోకి వస్తే అక్క, "ఓలమ్మా, ఏటండీ ఈ అవతారం!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భావనపాడులో దిగాక నవ్వులాట తేలిపోయింది. భుజాలు తిరగవు. చెయ్యి ముందుకు చాపితే రబ్బరు వెనక్కి లాగుతుంది. కాసేపటికే రొప్పుతూ ఒడ్డుకొచ్చి, "ఇది మునిగేవాడికి కుట్టిందిరా. మనకి ఈదేవాడిది కావాల," అన్నాడు.

అది నిజమే. మునిగేవాళ్ల సూటు వేరు, అలల మీద పలకతో జారేవాళ్లది వేరు, ఈతగాళ్లది వేరు. ఈతగాళ్ల దానికి పైన నున్నగా ఉంటుంది. భుజాల దగ్గర పల్చగా, ఛాతీకీ తొడలకీ మందంగా ఉంటుంది. చేతుల్లేని రకం కూడా ఉంది. చేతులే ఆధారమైన మనిషికి అదే హాయని నేను అనుకున్నాను. బావ ఒప్పుకోలేదు. "సేతులే నా కాళ్లు. ఆటికి సలేస్తే ఇంక నాకేటి మిగుల్తాది?" అన్నాడు. అలా నిండు చేతులది కొనడం ఖాయమైంది.

దానికోసం ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. పెద్ద ఆటవస్తువుల దుకాణం. అక్కడి అమ్మాయి ఎత్తూ బరువూ అడిగి, పట్టిక చూసి, బావ భుజాల వంక ఒకసారి, బూటు వంక ఒకసారి చూసింది. "సార్, మీకు సరిపోయే సైజు మా దగ్గర లేదేమో," అంది. మర్యాదగానే అంది.

"నాకు సైజు నేదమ్మా, ఒళ్లు మాత్రం ఉన్నాది. సూద్దాం, తియ్యి," అన్నాడు బావ.

ట్రయల్ రూములోకి నేనూ వెళ్లాను. ఒక్కరు వేసుకోగలిగేది కాదది. గోళ్లు గుచ్చుకుంటే రబ్బరు చిరుగుతుంది. పాదాలకి ప్లాస్టిక్ కవర్లు తొడిగితే సులువుగా జారుతుంది. బావ స్టూలు మీద కూర్చుని బూటు విప్పాడు. ఇన్నేళ్ల చుట్టరికంలో ఆ కాలు నేను చూడటం అదే మొదటిసారి. మోకాలు కింద నా మణికట్టంత ఉంది. చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కవర్లు విప్పుతూ నిలబడ్డాను.

"సూసీసినావు కదా," అన్నాడు బావ, మెల్లగా. "ఇంక లాగు."

లాగాను. మొదటిది హాయిగా ఎక్కింది. అమ్మాయి బయటినుంచి, "కంఫర్ట్‌గా ఉందా సార్?" అని అడిగింది. బావ తన కొట్లో అందరికీ చెప్పేదంతా అక్కడ చేశాడు. ఒంగాడు, కూర్చున్నాడు, చేతులెత్తి ఈత కొట్టినట్టు తిప్పాడు. నడుం వెనక రబ్బరు ఉబ్బింది. "సుకంగానే ఉన్నాదమ్మా. ఇంత సుకంగా ఉంటే నీళ్లు కూడా సుకంగా దూరతాయి," అని విప్పేశాడు. రెండోది ఎక్కించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. నడుం దగ్గర, చంకల కింద ఎక్కడా ఖాళీ లేదు. మెడ దగ్గర వేలు దూరడం కష్టం. ఊపిరి ఆడుతోందా అని అడిగాను. కళ్లు మూసుకుని స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. పొడి నేల మీద కాస్త బిగువుగా ఉన్నది నీళ్లలో సర్దుకుంటుందని, కానీ ఛాతీ పట్టేస్తే చల్లటి నీళ్లలో గాభరా పుడుతుందని నేనే అతనికి చెప్పాను. "ఆడతన్నాది. ఇదే ఇచ్చీమను," అన్నాడు చివరికి.

ఒక్క ఎడమకాలు మాత్రం సంచిలా వేలాడింది. అది ఏ సైజులోనూ కుదిరేది కాదు. ఇంటికొచ్చాక బావే సుద్దముక్కతో గీత గీసి, కొట్టు పక్కనే ఉండే దర్జీని కూర్చోబెట్టుకుని, అదనపు రబ్బరు కత్తిరించాడు. "ఏనుగుతోలు కుట్టమంటన్నారేటి సావుకారూ?" అన్నాడు దర్జీ. సూది అవతలికి దిగితే ఆ కన్నాల్లోంచి నీళ్లొస్తాయి. అందుకని ముందు అంచులు రెండూ తన బూటు అతికించుకునే బంకతో అతికించి, ఆ పైన మందంలో సగం దాకానే సూది పోనిచ్చి కుట్టించాడు. ఒకటికి రెండుసార్లు విప్పి కుట్టారు. కొట్లో బేరాలు గుమాస్తాకి వదిలేసి బావ ఒక గుడ్డముక్క ముందు అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మాఘమాసంలో ఒక పొద్దున్న భావనపాడులో దాన్ని పరీక్షించాం. అక్కడి నీళ్లకి ఆ సూటు ఎక్కువే, ఒళ్లు ఉడుకుతుంది. అయినా పోటీ నాడే మొదటిసారి వేసుకోకూడదు కదా. కొత్త సూటును తెలిసిన నీళ్లలో ముందు అలవాటు చేసుకోవాలి. మావ తెప్ప మీద పక్కనే ఉన్నాడు. నేను బావ వెనకాల ఈదుతున్నాను. అలలు విరిగేచోటు దాటేదాకా తల పైకెత్తి జాగ్రత్తగా వెళ్లాడు. దాటాక మొహం నీళ్లలో పెట్టి నాలుగు చేతులు వేశాడు. ఆగిపోయాడు. ఏమైందో అని నేను వేగం పెంచాను.

"ఒరే!" అని కేకేశాడు. "ఒరే, కాలొచ్చిందిరా! నా కాలొచ్చింది!"

చూశాను. అతని వెనక నీళ్ల మీద రెండు మడమలున్నాయి. కుడిది, దాని పక్కనే ఎడమది. రెండూ ఒకే ఎత్తులో తేలుతున్నాయి.

మళ్లీ మొహం నీళ్లలో పెట్టి కదిలాడు. ఈసారి ఆగలేదు. వెనకనుంచి లాగేది ఏదీ లేని మనిషి ఎలా వెళ్తాడో అలా వెళ్లిపోయాడు. నేను అందుకోలేకపోయాను. మావ తెడ్డు ఆపకుండా వేస్తూ, "బావూ, ఒడిసా ఎలిపోతారేటి! ఎనక్కి రండి!" అని అరుస్తూ తెప్ప తోలాడు. తిరిగొచ్చాక ఒడ్డున లోతులేని నీళ్లలో వెల్లకిలా పడుకుని తన కాలివేళ్ల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. లేపబోతే, "ఉండరా," అన్నాడు.

ఆ సాయంత్రం కొట్టుకి వెళ్తే పరుపు మీద రెండు కాళ్లూ చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమకాలి మీద పంచె లేదు. బేరానికొచ్చిన ఆడవాళ్లు చూస్తున్నారు. అతను చీరలు విప్పి చూపిస్తున్నాడు.

ఆ ఏడే, పోటీకి ఇంకా కొన్ని వారాలుండగా, తుఫాను వచ్చింది. మా వైపు తుఫాను అంటే ఏమిటో చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొట్టు పైరేకులు లేచిపోయి సరుకంతా తడిసింది. భావనపాడులో తెప్పలు సరుగుడు తోటల్లో పడ్డాయి. మావ తెప్ప రెండు ముక్కలై దొరికింది. బావ తడిసిన బట్టల్లో బాగున్నవి ఏరి, ఉతికించి, ఎండబెట్టించి, స్కూటరు మీద మోపులు కట్టుకుని ఆ పల్లెలన్నీ తిరిగాడు. నేను ఫోన్ చేసి పోటీ మాట ఎత్తబోయేలోగా తనే అన్నాడు. "ఊరు ఇలగుంటే నాను సెరువులో ఈతలాడతానేటిరా? వచ్చే ఏడు ఎల్దాం. సెరువు ఎక్కడికి పోద్ది?"

నాకూ అదే సబబనిపించింది. ఇప్పటికీ అతను చేసింది తప్పని నేననను. కానీ వచ్చే ఏడు అన్న మాట ఎంత తేలిగ్గా అనుకున్నామో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

వచ్చే ఏడు వానల్లేక ఆ చెరువు అడుగంటింది. నిర్వాహకులు పోటీని సముద్రతీరానికి మార్చారు. అక్కడ నీళ్లు వెచ్చన. నీళ్లు ఫలానా వేడి దాటితే వెట్‌సూట్ వేసుకోనివ్వరు. అది తేలుస్తుంది కాబట్టి చలి లేనిచోట అందరూ సమానంగా ఈదాలని ఆ నిబంధన. ప్రత్యేకంగా అడిగి చూశాను. కుదరదన్నారు. బావకి ఫోన్ చేసి, సూటు లేకుండానే రమ్మన్నాను. ఇన్నేళ్లూ అలాగే ఈదావు కదా అన్నాను.

అవతల కొట్లో గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది.

"ఓపాలి అది తేలడం సూసీసినాక, మళ్లీ దాన్ని ఈడ్సుకుంటా పదిమందిలో ఎవడెల్తాడ్రా?" అన్నాడు.

ఆ తర్వాత భావనపాడు వెళ్లడం కూడా తగ్గింది. సూటు వేసుకుంటే ఉడికిపోతాడు. లేకపోతే కాలు బరువు. ఒకసారి నేను ఒంటరిగా వెళ్తే మావ కొత్త తెప్పకి తాళ్లు బిగిస్తూ, "బావు ఆ తోలుకి మరిగిపోనారు. ఒట్టి నీళ్లు రుసించట్నేదు," అన్నాడు. ముసలాయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా నోట్లో ఉప్పు పోలేదు. ముప్ఫై ఏళ్లుగా బరువని కూడా అనుకోకుండా అతను లాక్కుపోయిన కాలుని ఆ సూటు కాసేపు తేల్చి, మళ్లీ అతని చేతిలోనే పెట్టేసింది. తెచ్చినవాడిని నేను. తేకపోయి ఉంటే అతను ఇప్పటిదాకా హాయిగా ఈదుకునేవాడా? కాలు వచ్చిందని కేక పెట్టిన ఆ పొద్దున్న లేకుండా పోయేదా? ఈ రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటూ నాలో ఉన్నాయి. జవాబు చెప్పగలిగిన మనిషిని ఒక్కసారీ అడగలేదు.

నడుం నుంచి మోకాళ్ల దాకా మాత్రమే ఉండే పల్చటి రబ్బరు నిక్కర్లు ఉంటాయని, వెచ్చటి నీళ్లలో సాధనకి అవి కాళ్లని తేల్చడానికి సరిపోతాయని నాకు ఆలస్యంగా తెలిసింది. అది చెబుదామని ఒక ఆదివారం టెక్కలి వెళ్లాను. కొట్టు నిండా పెళ్లివాళ్లు. వాళ్లు వెళ్లాక చెప్పాను. బావ మొహంలో వెలుగు రావడం చూశాను. "అలాంటివి కూడా ఉంటాయేటి?" అన్నాడు. అంతలోనే చీరలు మడతపెట్టుకుంటూ, "ఎండలు తగ్గనీరా. తెప్పిద్దాం," అన్నాడు. అదే మేం ఈత గురించి మాట్లాడుకున్న ఆఖరు మాట. ఎండలు తగ్గకముందే పోయాడు.

మాసికం అయ్యాక అక్క నన్ను పిలిచి, సముద్రానికి తీసుకెళ్లమంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పుడెందుకన్నారు. అక్క వినలేదు. ఆటోలో, "ఇన్నేళ్లలో ఆయన ఈదడం నాను ఓపాలైనా సూడనేదురా," అంది. "సెలవునాడు పొద్దున్నే సరుకు దిగుతాది. ఆయన ఎల్తే కొట్టు ఎవరు సూస్తారని నాను ఉండిపోయీదాన్ని. నువ్వు సూసినావు. మావ సూసినాడు. ఒడ్డున వలలు లాగీవోళ్లందరూ సూసినారు."

భావనపాడులో మావ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అక్కని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. అయినా ఎవరని అడగలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎక్కడిదాకా ఈదీవోరు?" అని అడిగింది అక్క.

మావ చెయ్యి చాపి చూపించాడు. అలలు విరిగేచోటుకి బాగా అవతల ఒక పడవ లంగరేసి ఉంది. "అదిగో, ఆ పడవకాడికి తల్లీ. అక్కడ తిరిగీవోరు."

అక్క చెప్పులు విప్పి నీళ్లలోకి నడిచింది. చీర కుచ్చిళ్లు తడుస్తున్నా ఎత్తి పట్టుకోలేదు. మోకాళ్ల దాకా వచ్చాక ఆగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి పడవలోవాళ్లు లంగరు తీశారు. ఇంజను చప్పుడు చేస్తూ అది దక్షిణంగా తిరిగి వెళ్లిపోయింది. అక్క చూపు దాని వెంట వెళ్లలేదు. పడవ ఉన్నచోట ఇప్పుడు ఉత్త నీళ్లున్నాయి. అక్క ఆ నీళ్ల వంకే చూస్తూ నిలబడింది.